దూదేకుల చేతికి తెలియని దారం

ఎవరైనా సంచీ చేతికిస్తే బాబ్జాన్ ముందు దాని పట్టీ చూస్తాడు. రంగులు చూడడు, పూలు చూడడు, లోపల ఎన్ని అరలున్నాయో అడగడు. పట్టీని రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి, మెలితిప్పి వదిలి, అది ఎంతసేపట్లో మళ్ళీ తిన్నగా అవుతుందో చూస్తాడు. ఆ తర్వాత సంచీ తెచ్చిన మనిషిని చూస్తాడు. ఆ చూపూ అట్లాగే ఉంటుంది, మెలితిప్పి వదిలినట్టు. సౌదీలో అభా అనే కొండ ఊళ్ళో అతను పనిచేసే బ్యాగుల దుకాణానికి సరుకు తెచ్చే డ్రైవర్లు అతని దగ్గర సంతకం తీసుకోవాలంటే జంకేవారు. డబ్బా అప్పగిస్తే చాలదు. విప్పించి, ఒక్కొక్కటీ తిరగేసి, వాసన చూసి గాని బాబ్జాన్ 'తమామ్, అంతా సరిగ్గా ఉంది' అనడు.

పట్టీల సంగతి అతనికి ఇంట్లోనే పట్టుబడింది. బాబ్జాన్‌ది కడప జిల్లాలో రాయచోటి దగ్గర ఒక పల్లె. వాళ్ళు దూదేకులవాళ్ళు. తండ్రి విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. తల్లి హుస్సేన్‌బీ ఇంట్లో మంచాలకు నవారు నేసేది. నవారు సాగితే మంచం కుంగుతుంది, మంచం కుంగితే తిట్లు తల్లికి వస్తాయి, తల్లికి వచ్చిన తిట్లు సాయంత్రానికి బాబ్జాన్ వీపుకు వస్తాయి. అందుకని పదేళ్ళకే అతని వేళ్ళకు మంచి నేత ఏదో, చెడ్డ నేత ఏదో తెలిసిపోయింది.

తర్వాత స్పాంజి పరుపులు వచ్చాయి. మూడేళ్ళు తిరక్కముందే ఆ చుట్టుపక్కల విల్లు చప్పుడు ఆగిపోయింది. తండ్రి విల్లును అటకెక్కించి బేల్దారి పనికి పోయాడు, సిమెంటు మోసి మోసి నడుం పోగొట్టుకున్నాడు. "దూది కానిదంతా మోసమేరా" అని మంచంలో పడుకుని పైకప్పుతో చెప్పేవాడు. ఆ మంచం మీద పరుచుకున్నది కూడా స్పాంజి పరుపే. బాబ్జాన్‌కు అది చూసినప్పుడల్లా కడుపు రగిలేది. అప్పటినుంచి మెరిసే దారాన్ని గానీ, మెత్తగా మాట్లాడే మనిషిని గానీ అతను నమ్మడం మానేశాడు.

అభాకు వచ్చి పద్నాలుగేళ్ళు. దుకాణం యజమానురాలు, వీసాకు పూచీపడ్డ అతని కఫీలు, మదామ్ హెస్సా. బడిపంతులమ్మగా పనిచేసి రిటైరైన మనిషి, ఇప్పటికీ చేతిలో సుద్దముక్క ఉన్నట్టే మాట్లాడుతుంది. మొదటి పన్నెండేళ్ళు బాబ్జాన్ కౌంటరు దగ్గర నిలబడ్డాడు. ఎండాకాలం రియాదు నుంచి, కువైటు నుంచి చల్లదనానికి కొండెక్కి వచ్చే కుటుంబాలకు సంచులు చూపించి, బేరాలు తెంపి, రాయలసీమ యాసలో అరబ్బీ మాట్లాడి నవ్వించేవాడు. తర్వాత సౌదీలకే కొలువులివ్వాలనే నితాఖాత్ చట్టం గట్టిపడింది. కౌంటర్లో సౌదీలే ఉండాలన్నారు. రీమ్ అనే సౌదీ అమ్మాయి వచ్చి అతని కుర్చీలో కూర్చుంది. బాబ్జాన్ వెనక గోడౌన్‌లోకి జరిగాడు. ఇకామాలో, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులో, అతని పని 'హమాలీ' అని మారింది. కుర్చీ పోయినందుకు కాదు గానీ, ఆ మాట తన ఫోటో పక్కన అచ్చయినందుకు అతను చాలా రోజులు సరిగ్గా తినలేదు.

దుకాణంలో మిగిలిన ఇంకో పరదేశీ దిలావర్. హైదరాబాదు మనిషి, బాబ్జాన్ కంటే నాలుగేళ్ళు పెద్ద. బండి నడపడం, జిద్దా వెళ్ళి సరుకు కొనుక్కురావడం అతని పని. ఇద్దరూ ఎనిమిదేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్నారు. దిలావర్ ఫోనులో భార్య రోషన్ బీతో ఉర్దూ మాట్లాడతాడు, బాబ్జాన్‌తో మాత్రం తెలుగు. అందులోనూ బాబ్జాన్‌కు అనుమానమే. దూదేకులవాళ్ళకు ఉర్దూ రాదని హైదరాబాదువాళ్ళు ఎగతాళి చేయడం అతను చిన్నప్పటినుంచి ఎరుగును. 'నాకు రాదని ఎత్తిపొడవడానికే కదా పనిగట్టుకుని తెలుగు మాట్లాడతాడు' అనుకునేవాడు. దిలావర్ ఉర్దూ మాట్లాడి ఉంటే 'నాకు రాదని తెలిసీ మాట్లాడతాడు' అనుకునేవాడేమో. బాబ్జాన్‌తో నెగ్గడం అంత తేలిక కాదు.

దిలావర్‌కు ఒక పేరుంది. సెలవు మీద ఊరికి పోతున్నాడంటే చుట్టుపక్కల మనవాళ్ళంతా తలా ఒక మూట తెచ్చిస్తారు. ఎవరిదో మూటలో ఎవరో పెట్టిన మత్తు గోళీల వల్ల జైళ్ళలో మగ్గుతున్న అమాయకుల కథలు అక్కడ అందరికీ తెలుసు. అందుకని ఎవరు ఏమిచ్చినా విప్పి, విదిలించి, కుట్లు తడిమి చూసుకోవడం గల్ఫు మర్యాద. ఇచ్చేవాళ్ళు కూడా ఏమీ అనుకోరు. దిలావర్ మాత్రం చూడడు. "అది అమానతు, నమ్మి అప్పజెప్పిన సొమ్ము. అమానతును ఇప్పి సూస్తరా?" అని అట్లాగే పెట్టెలో సర్దేస్తాడు. ఒకసారి బాబ్జాన్ తన భార్య మాబున్నీకి పంపిన మూట ఇవ్వడానికి హైదరాబాదు నుంచి రాయచోటికి బస్సెక్కి పోయాడు. అప్పుడు కూడా బాబ్జాన్ 'వీడికి మా ఊళ్ళో ఏం పని?' అని రెండు రోజులు ఆలోచించాడు.

రెండువేల పంతొమ్మిది రజబు నెలలో మదామ్ ఇద్దరినీ పిలిచి ఉన్న మాట చెప్పేసింది. పరదేశీల మీద కట్టే లెవీ ఏటా పెరుగుతోంది, నితాఖాత్ కింద సర్కారు దుకాణానికి ఇచ్చే రంగు ఆకుపచ్చ నుంచి పసుపులోకి, అంటే ప్రమాదంలోకి, జారేట్టుంది. ఇద్దరిలో ఒక్కరి ఇకామానే తిప్పగలను, ఇంకొకరికి ఎగ్జిట్ వేసి ఊరికి పంపేయాలి, ఎవరికన్నది సీజన్ లోపల తేలుస్తాను అంది.

బాబ్జాన్ ఇకామా రంజాన్ తర్వాతి షవ్వాల్ నెలాఖరుకి అయిపోతుంది. ఊరికి పోతే ఏం చేయాలో అతనికి నిజంగా తెలియదు. విల్లుకు చెదలు పట్టాయి, బేల్దారి పనికి నలభై ఎనిమిదేళ్ళ నడుం పనికిరాదు. పరుపుల దుకాణంలో స్పాంజి అమ్మే పనికి కుదిరి తండ్రి ముఖం గుర్తు చేసుకుంటూ బతకాల్సి వస్తుందేమోనని భయపడ్డాడు. ఆ రోజు నుంచి దిలావర్ ఏం చేసినా అందులో అతనికి ఎత్తుగడే కనపడింది. మదామ్ ఇంటికి కూరగాయలు తీసుకుపోతే కాకా పట్టడానికి. తనకు టీ కలిపి ఇస్తే ఏదో కప్పిపుచ్చడానికి. ఫోనులో ఇకామా సంగతి చూడటం బాబ్జాన్‌కు రాదు, ఎప్పుడూ దిలావరే చూసి పెట్టేవాడు. అడగడం మానేశాడు. అతని చేతికి తన ఫోను ఇవ్వడం కూడా మానేశాడు.

ఇట్లా ఉండగా వయూ సంచులు వచ్చాయి.

వయూ అంటే కొలంబియా దేశంలో, సముద్రం పక్కనున్న ఎడారిలో ఉండే జనం. వాళ్ళ ఆడవాళ్ళు కొక్కెం సూదితో ఒక్కో సంచీని వారాల తరబడి అల్లుతారు. అడుగున గుండ్రంగా మొదలై నిలువునా పెరిగే సంచి, పైన బిగించుకునే తాడు, తాటికి కుచ్చులు, భుజానికి వెడల్పాటి పట్టీ. గల్ఫు ఆడవాళ్ళకు అవంటే ఆ ఏడు పిచ్చి. పిచ్చి ఉన్నచోట నకిలీ ఉంటుంది కాబట్టి, మదామ్ రెండు చోట్ల నుంచి సరుకు తెప్పించింది. ఒక డబ్బా దిలావర్ జిద్దాలో ఒక సేటు దగ్గర ఎంచి తెచ్చినది. రెండోది రియాదు వ్యాపారి పంపినది. రజబు తర్వాతి నెల, షాబాన్ ఇరవయ్యో తేదీన రెండూ గోడౌన్‌కు చేరాయి. రసీదు మీద ఆ తేదీ వేసింది బాబ్జానే.

"ఏది అసలుదో నువ్వే చెప్పు, సీజన్‌కు అదే పెడదాం" అని మదామ్ స్టూలు వేసుకుని కూర్చుంది. దిలావర్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

బాబ్జాన్ దిలావర్ తెచ్చిన సంచీ ఒకటి తీశాడు. పట్టీ మెలితిప్పి వదిలాడు. చిటికెలో తిన్నగా అయింది. సంచీని తిరగేశాడు. అడుగున నడిమధ్య ఒక చిన్న చుట్ట నుంచి అల్లిక మొదలై, ఎక్కడా తెగకుండా, అతుకు లేకుండా అంచు దాకా పోయింది. ఒంటిపోగు అల్లిక, గోరు దూరనంత బిగువు. రంగు మారిన చోట ముడి ఎక్కడుందో వెతికితే దొరకలేదు. కింద పెడితే ఖాళీ సంచీ నిటారుగా నిలబడింది. ఇంత మంచి చేతిపని అతను తల్లి చేతిలో తప్ప చూడలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది.

కానీ దారం మెరిసింది. వేళ్ళకు జారింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే దూది వాసన లేదు. కత్తెరతో కుచ్చులోంచి ఒక పోగు తెంపి లైటరుతో అంటించాడు. పోగు ముడుచుకుపోయి, కరిగి, నల్లని పూసై కూర్చుంది. రియాదు సంచీలోంచి ఇంకో పోగు తెంపి అంటించాడు. అది కాగితంలా కాలి తెల్లని బూడిదై రాలింది. అచ్చమైన నూలు.

"సూస్తివా!" అన్నాడు దిలావర్ వైపు తిరిగి. "ఇది నూలు గాదు. స్పాంజి జాతి."

"తమ్మీ, ఆడ ఆడోళ్ళు గీ మిల్లు దారంతోనే అల్లుతరంట. సేటు చెప్పిండు, నేను ఫోటోలు గూడ సూసిన. దారం కాదు, చెయ్యి సూడు. ఆ రెండోది పట్టీ సూసినవా?"

చూశాడు. రియాదు సంచీ పట్టీ మిషను మీద నేసి, కోసి, కుట్టింది. అడుగు వేరే ముక్క, తర్వాత అతికింది. అల్లిక వదులు. అవన్నీ అతని కళ్ళకు ఆనాయి. "దారమే దొంగదయినాక చెయ్యి ఏం జేస్తాదప్పా?" అన్నాడు.

తర్వాత మదామ్ వైపు తిరిగి అరబ్బీలో చెప్పాడు. "జిద్దా సరుకు నకిలీ. దిలావర్‌కు తెలిసే తెచ్చాడు, యిమ్‌కిన్."

యిమ్‌కిన్ అంటే 'కావచ్చు' అని. దిలావర్‌కు తెలుసన్న ముక్క ఎవరూ అడగలేదు. దారం సంగతి అతను నమ్మి చెప్పాడు, ఈ ముక్క మాత్రం కావాలని చేర్చాడు. దిలావర్‌కు అరబ్బీ బాగా వచ్చు. అతని ముఖం మొదట అర్థం కానట్టు, తర్వాత అర్థమైనట్టు మారింది. డబ్బా మూసి టేపు వేశాడు. మదామ్ ఇద్దరినీ ఒకసారి చూసి, "తిప్పి పంపండి" అంది. పోగు తెంపిన సంచీ ఒక్కటీ సేటు వెనక్కి తీసుకోడు కాబట్టి అది బాబ్జాన్‌కు మిగిలింది. సాక్ష్యంగా ఉంటుందని గదికి తీసుకుపోయి, మేకుకు తగిలించి, ఉల్లిగడ్డలు పోసుకున్నాడు.

మరుసటి రోజు ఫోనులో మాబున్నీకి అంతా గొప్పగా చెప్పాడు. ఆమె అంతా విని, "ఆ దిలావరన్నే గదా, రేత్రంతా బస్సులో కూచోని మనింటికి మూట తెచ్చిచ్చినోడు?" అంది.

"నీకేం తెలుసునని మాట్లాడ్తాండావు!"

"నాకు తెల్దులే. నీకు ఎవురన్నా ఒకరు మంచోళ్ళు అగపడితే చెప్పు, వాళ్ళ పేరు ఇనాలని ఉండాది" అని ఆమె ఫోను పెట్టేసింది.

రంజాన్ గడిచింది. ఒకే గదిలో ఉపవాసాలుండి, ఒకే పళ్ళెం దగ్గర ఖర్జూరాలతో విడిచి, ఇద్దరూ పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదు. పండగ తర్వాత దిలావర్ పేరు మీద ఎగ్జిట్ పడిందని తెలిసింది. బాబ్జాన్‌కు సంతోషం కలగాల్సింది. బదులుగా కొత్త అనుమానం పుట్టింది. తన ఇకామా సంగతి మదామ్ ఒక్క ముక్క చెప్పడం లేదు. ఇద్దరినీ పంపేసి ఇంకో సౌదీ పిల్లను పెట్టుకుంటుందేమో!

సీజన్ మొదలై, పొగమంచులో తడిసి వచ్చే కుటుంబాలతో దుకాణం కిటకిటలాడింది. వయూ సంచులు బాగానే పోయాయి. మూడు వారాలకు మొదటిది వెనక్కి వచ్చింది. పట్టీ సాగి మోకాలి దాకా వేలాడుతోంది. రెండోదానికి అడుగు ఊడింది. వారం తిరిగేసరికి కౌంటరు మీద ఏడు సంచులు చనిపోయిన కోళ్ళలా పడి ఉన్నాయి. రీమ్ బాబ్జాన్‌ను ముందుకు పిలిచి, తన ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎడారి ఊళ్ళో పాక ముందు, వదులు గౌను వేసుకున్న ఒక ముసలామె ఉయ్యాల మంచంలో కూర్చుని సంచీ అల్లుతోంది. పక్కన నేల మీద రంగురంగుల దారపు ఉండలు, వాటికి మిల్లు కాగితాలు అంటించి ఉన్నాయి. బాబ్జాన్ అక్కడ బొమ్మ ఆపించాడు. పెద్దది చేయించాడు. దారం మెరుస్తోంది.

"అసలువి వీళ్ళు ఈ దారంతోనే అల్లుతారు. మనకు వచ్చినవి ఎవరో కాటన్‌తో కాపీ కొట్టినవి" అంది రీమ్. అతనే ఎంచాడని ఆ పిల్లకు తెలియదు.

గదికి వచ్చి మేకు మీది సంచీ దించాడు. ఉల్లిగడ్డలు కింద కుమ్మరించి, దులిపి, తిరగేసి చూశాడు. రెండు నెలలు బరువు మోసిన పట్టీ వెంట్రుకవాసి సాగలేదు. అడుగు కుంగలేదు. మొదటి క్షణాన అతనికొచ్చిన ఆలోచన ఏమిటంటే, దిలావర్ తనను ఇరికించడానికే గట్టిగా వాదించకుండా ఊరుకున్నాడేమో అని! రెండో క్షణాన తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ రోజు కళ్ళు సరిగ్గానే చూశాయి, వేళ్ళు సరిగ్గానే చెప్పాయి. చనిపోయిన తండ్రి మాటను అడ్డం పెట్టుకుని తనకు కావలసిన తీర్పు తను చెప్పాడు. తన తల్లి లాంటి ఆ ఎడారి ముసలామె చేతిపనిని స్పాంజి అన్నాడు. ఎనిమిదేళ్ళు టీ కలిపి ఇచ్చినవాణ్ణి దొంగ అన్నాడు.

చెబితే ఇకామా పోవచ్చు. రెండు రోజులు చెప్పకుండా ఉండి చూశాడు. మూడో రోజు పొద్దున సంచీ చేతపట్టుకుని మదామ్ గదికి వెళ్ళాడు.

"జిద్దా సరుకే అసలుది. దారం విషయంలో నేను పొరపాటు పడ్డాను. దిలావర్‌కు తెలిసే తెచ్చాడన్నది మాత్రం పొరపాటు కాదు, కల్పించి చెప్పాను. అతని ఎగ్జిట్ ఆపండి. నాకు వేయండి" అన్నాడు.

మదామ్ సొరుగులోంచి ఒక కాగితం తీసి ముందు పెట్టింది. అతని ఇకామా రెన్యువల్ కాగితం. ఇంకో ఏడాదికి తిప్పి ఉంది. "తేదీ చదువు" అంది.

చదివాడు. షాబాన్ పది. సంచుల డబ్బాలు వచ్చింది ఇరవై. మళ్ళీ చదివాడు.

"నేను చెప్పిన వారానికే దిలావర్ వచ్చి ఎగ్జిట్ అడిగాడు" అంది మదామ్. "తనకు హైదరాబాదులో బావమరిది దుకాణం ఉందట. నీకు ఊళ్ళో ఏమీ లేదన్నాడు. తను పోయేదాకా నీకు చెప్పొద్దన్నాడు. చెబితే ఇందులో ఏదో ఉందని అనుమానపడి నువ్వే వద్దంటావట."

"మరి ఆ రోజు నేను అతన్ని అట్లా అంటుంటే..."

"నువ్వన్నది నేను నమ్మలేదు. కానీ అతను నోరు విప్పి ఒక్క మాట చెబుతాడేమోనని చూశాను. చెప్పలేదు."

ఫోను దిలావర్ చేతికి ఒక్కసారి ఇచ్చి ఉంటే నిమిషంలో తేలిపోయేది. బాబ్జాన్ కాగితం మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. రెండు నెలలు దేనికోసం కొట్లాడాడో అది కొట్లాట మొదలుకాక ముందే అతనికి దక్కిపోయింది.

షవ్వాల్ దాటి జిల్ఖాద్ నెల మొదట్లో దిలావర్ ప్రయాణం. ముందు రోజంతా కూర్చుని బాబ్జాన్ సంచీని ఉతికి ఆరేశాడు. తెంపిన కుచ్చుకు రెండో కుచ్చులోంచి పోగులు తీసి, మెలివేసి, తేడా తెలియకుండా కలిపాడు. దిలావర్ పెట్టె సర్దుకుంటుంటే పోయి ముందు నిలబడ్డాడు.

"భాయ్, తప్పు నాదే. అన్నీ తెలిసినాయి. మదామ్ చెప్పింది. నన్ను ఏమన్నా అను, పడతా. ఇది మాత్రం రోషన్ బీ వదినకు ఇయ్యి. నువ్వు తెచ్చిందే, నిఖార్సైనది."

దిలావర్ చేతిలో చొక్కా మడత సగంలో ఆగింది. "అనేదేముంది" అన్నాడు నెమ్మదిగా. "అయిపోయింది గద."

సంచీ అందుకున్నాడు. ఎప్పటిలా పెట్టెలో పెట్టబోయాడు. పెట్టలేదు. మూతి తాడు వదులు చేసి, లోపలికి చూసి, చెయ్యి పెట్టి అడుగంతా తడిమాడు. తర్వాత సంచీని పూర్తిగా తిరగేశాడు. అల్లిక వెంబడి వేళ్ళు పోనిచ్చాడు. కుచ్చులు ఒక్కొక్కటీ నలిపి చూశాడు, బాబ్జాన్ కొత్తగా కలిపినదాన్ని రెండుసార్లు.

"ఏమనుకోకు బాబ్జాన్ భాయ్" అన్నాడు తలెత్తకుండా. తమ్మీ అనలేదు. "ఎయిర్‌పోర్టుల అడుగుతరు."

"సూసుకో భాయ్. సూసుకోవాల" అన్నాడు బాబ్జాన్.

దిలావర్ ఆఖరుకి పట్టీ దగ్గరికి వచ్చాడు. దాన్ని రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి, మెలితిప్పి వదిలాడు. అది తిన్నగా అయ్యేదాకా ఇద్దరూ దానివైపే చూస్తూ నిలబడ్డారు.